మూతి పెట్టి తాగిన నీళ్లు

నాకు ఒక్కచోట కూర్చునే గుణం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయాలని పొద్దుటినుంచి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా ఒకసారి చూసి వచ్చాను. గొళ్లెం పెట్టి ఉన్న తలుపుకు మళ్లీ గొళ్లెం పెట్టబోయాను. "కాలుగాలిన పిల్లి" అని మా అత్త నాకు పెట్టిన పేరు ఈ ముసలితనంలో కూడా ఊడిపోలేదు. ఆ పేరు పెట్టిన మనిషే ఒక ఎండాకాలమంతా నాకంటే ఎక్కువ తిరిగింది. ఆ ఎండాకాలం సంగతి చెప్పాలనే నా ఆరాటం. చెంబులూ గిన్నెలూ లేకుండా అది చెప్పలేను కాబట్టి ముందు వాటి దగ్గరే మొదలుపెడతాను.

మా అత్తగారిల్లు శాలిబండ ఎత్తు దిగాక ఒక గల్లీలో. పాలమ్ముకునే ఇల్లు. వెనక కొట్టంలో ఆరు బర్రెలు, ముందు రెండు అర్రలు, మధ్యలో వాకిలి. నేను కాపురానికి వచ్చేనాటికే మామ లేడు. అత్త, ఆమె ఒక్కగానొక్క కొడుకు, నేను, అంతే మనుషులం. నీళ్లు తాగే పాత్రలకు మాత్రం మనుషులకు లేని హోదాలుండేవి. కుండ పక్కన ఒక కంచు చెంబు. అత్త పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టింది. దానితో ఆమె తప్ప ఎవరూ తాగకూడదు, కొడుకైనా సరే. మా ఇద్దరికీ రెండు ఇత్తడి గిలాసలు. గుమ్మం బయట గోడ గూట్లో ఒక సత్తు గిలాస. గడ్డి మోపు తెచ్చేవాడికీ, ఉస్మాన్‌గంజ్ నుంచి తవుడు బస్తా మోసుకొచ్చే హమాలీకీ, దాహమని ఆగినవాళ్లకీ అదే. అది ఎండకు ఎండి వానకు తడిసి అక్కడే ముసలిదైంది గానీ ఏనాడూ గడప దాటి లోపలికి రాలేదు.

ఏ పాత్రయినా సరే, పెదవికి తగలకూడదు. తల వెనక్కి వంచి, పాత్రను జానెడు ఎత్తున పట్టుకుని, ధారను గొంతులోకి వదలాలి. మా పుట్టింట్లో ఈ పట్టింపు లేదు. మా నాయన బండి తోలేవాడు. బండి కింద వేలాడే సొరకాయ బుర్రకు నోరు పెట్టి ఇంటిల్లిపాదీ వరసగా తాగేవాళ్లం. కాపురానికి వచ్చిన రెండో రోజు నేను అలవాటు కొద్దీ ఇత్తడి గిలాసను మూతికి ఆనించాను.

"ఏంది పొల్లా, గట్ల మూతి వెట్టి తాగినవ్? ఎంగిలైంది గద!" అంది అత్త.

గిలాస నా చేతిలోంచి తీసుకుని చింతపండుతో తోమింది. తోమి ఊరుకోలేదు. పట్టుకారుతో పట్టి పొయ్యిలో నిప్పుల మీద అటూ ఇటూ తిప్పింది. చల్లారాక మళ్లీ నా చేతికే ఇచ్చింది. "అగ్గికి అంటు లేదు. ఇగ ఇంట్లది ఇంట్లకే వచ్చింది" అంది. ఆ చివరి మాట కూడా నాకప్పుడు తిట్టులాగే వినిపించింది.

వారం రోజులు నీళ్లు నా ముక్కులోకి పోయాయి, రవికలోకి పోయాయి, గొంతులోకి తప్ప అన్నిచోట్లకూ పోయాయి. నా భర్త కొట్టంలోంచి చూసి నవ్వేవాడు. అతనేం తక్కువ తినలేదు. చార్మినార్ దగ్గరి ఇరానీ హోటల్లో, పట్నంలోని మూతులన్నీ తగిలిన కప్పులో చాయ తాగి, సాసర్‌లో పోసుకుని మరీ జుర్రి, ఇంటికొచ్చి వాకిట్లో పుక్కిలించి లోపలికి వచ్చేవాడు. అత్తకు తెలుసు. "హోటల్ల తాగింది హోటల్‌కే" అనేది. కొడుకుకొక న్యాయం, కోడలికొక న్యాయం. నేను లోలోపల ఉడికిపోయేదాన్ని.

పరదా పాటించే ఇళ్లలో జనానాలోకి మగవాళ్లు పోకూడదు కాబట్టి ఆ ఇళ్లకు పాలు పోసే పని నాదైంది. ఆ తిరుగుడు నాకు ప్రాణం. ఇంట్లో కూర్చోబెడితే ఊపిరాడనిదాన్ని, నెత్తిన పాలకుండ ఉంటే గల్లీలన్నీ నావే. తిరిగే మనిషికి కళ్లు ఊరుకోవు. ఎవరు ఎలా తాగుతారో చూడటం నాకొక పిచ్చి అయింది. ఒక అరబ్బుల ఇంట్లో పిడిలేని బుల్లి కప్పులుండేవి. వాటిలో కహ్వా పోస్తూనే ఉంటారు. కప్పును చేతిలో కాస్త ఆడిస్తేనే చాలు అని అర్థం. అది తెలియని అత్తరు వ్యాపారి ఒకాయన మొహమాటం కొద్దీ ఎన్ని కప్పులు తాగాడో, లేచేసరికి చేతులు వణుకుతున్నాయి. ఒక మార్వాడీ సేఠ్ తన లోటాకు తాడు కట్టుకుని తిరిగేవాడు. ఎవరి బావి దగ్గరయినా తన లోటాతో తోడుకునే తాగేవాడు. మొహర్రం రోజుల్లో వీధి మొగలో పందిరి వేసి షర్బత్ పోసేవాళ్లు. అక్కడ గిన్నె ఒక్కటే, తాగే నోళ్లు వీధిలో ఉన్నన్ని. పట్టింపుల్లో మా అత్తకు అన్నలాంటి మా పక్కింటి పెద్దమనిషి అక్కడికి పోయి దోసిలి పట్టేవాడు. దోసిలికి ఎంగిలి లేదని ఆయన వాదన. షర్బత్ అంటే ఆయనకు అంత ఇష్టం.

మా ఇంటి పాలు ఇన్ని ఇళ్లకూ పోయేవి. పాలకు అంటు లేదు. ఆ ఇళ్ల నీళ్లు మాత్రం ఒక్క గుక్క కూడా మా నోట్లోకి రాకూడదు.

ఆ ఇళ్లన్నిట్లో నేను ఎక్కువసేపు నిలబడేది బడీపాషా ఇంట్లో. అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్లు, నేనూ అంతే. మా అత్త ఈడు మనిషి. వీధిలోకి పెద్ద దర్వాజా, లోపల పెచ్చులూడిన గోడలు. భర్త లేడు, కొడుకు బొంబాయిలో ఉంటాడని విన్నాను. ఇంట్లో ఆమె, కోడలు, ఒక మనవరాలు, ఒక పనిమనిషి. వాళ్లు నీళ్లు నిలబడి తాగరు. కూర్చుని, బిస్మిల్లా అని, కుడిచేత్తో కటోరా అందుకుని, దాని అంచుకు పెదవి ఆనించి మూడు గుక్కలుగా తాగుతారు. బడీపాషా తాగాక అదే కటోరాతో కోడలు, ఆ తర్వాత మనవరాలు. ఎత్తి పోసుకోవడం చూస్తే బడీపాషాకు నవ్వు. "పానీని గంత దూరంకెల్లి ఎందుకు పిలుస్తరే?" అనేది.

అయినా నన్ను ఏనాడూ బలవంతపెట్టలేదు. నాకోసం గూట్లో కొత్త మట్టి పిడతలు పేర్చి ఉంచేది. "కోరా హై బేటీ" అని ఇచ్చేది, ఇంకా ఎవరి పెదవీ తగలనిది అని. అత్తకు తెలియకుండా తాగి, ఆ పిడతను గోడవతల పడేసి పగలగొట్టేదాన్ని. తన ఇంట్లో నా పట్టింపుకు ఆమె ఒక గూడు కట్టి పెట్టింది. మా ఇంటి గూట్లో సత్తు గిలాస గుర్తొస్తే నాకు సిగ్గుగా ఉండేది. ఆ మాట అత్తతో అనే ధైర్యం మాత్రం లేదు.

అంతలో లడాయి వచ్చింది. నా భర్తకు లారీ తోలడం వచ్చు. మిలిటరీ లారీలు తోలే పనికి పేరు రాయించుకుని అస్సాం వైపు వెళ్లాడు. మొదట నెలకొక ఉత్తరం వచ్చేది. తర్వాత రెండు నెలలకొకటి. ఆ తర్వాత లేదు.

 అత్త మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. కొట్టం నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గుమ్మంలోకి, మళ్లీ కొట్టంలోకి. టపా మనిషి సైకిలు గంట వినిపిస్తే చేతిలో ఏముంటే అది జారిపోయేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆమెకు వాసన తెలిసేది కాదు. "గుండెల రోకలి వోటు వడ్డట్టున్నది బిడ్డా" అని నా చెయ్యి తీసి తన రొమ్ము మీద పెట్టుకునేది. చెయ్యి కింద అది ఎగిరెగిరి పడేది. వైద్యుడి పొడులు అయ్యాయి, తాయెత్తులయ్యాయి, నిమ్మకాయలు తిప్పి పడేయడం అయింది. తిండి తగ్గింది, నిద్ర పోయింది, భుజాల మీద ఎముకలు తేలాయి. బోనాల దాకా ఉంటే గొప్పే అని చుట్టుపక్కలవాళ్లు నా వెనక అనుకోవడం నా చెవిన పడింది. అతను తిరిగొచ్చి "అమ్మేదీ?" అంటే నేనేం చెప్పాలి? నాకదే భయం పట్టుకుంది. నా గుండె సంగతి ఎవరూ అడగలేదు. అదీ కొట్టుకుంటూనే ఉంది.

ఒక పొద్దున నేను పాలు కొలుస్తుంటే కొలత తప్పి సగం కింద పోయాయి. బడీపాషా నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఏడుస్తూ అంతా చెప్పాను. విని లోపలికి వెళ్లింది. చాలాసేపటికి ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఒక కటోరాతో వచ్చింది. అరచేతిలో పట్టేంత రాగి కటోరా. లోపల కలాయి పూత, ఆ పూత కింద వలయాలు వలయాలుగా చెక్కిన సన్నటి అక్షరాలు.

"హౌల్ దిల్‌కు ఇది దవా" అంది. "మా అమ్మ నాకిచ్చింది, ఆమెకు ఆమె అమ్మ. పొద్దు మునిగే యాళ్లకు నీళ్లు నింపి ఆకాశం కింద వెట్టాలె. తెల్లారంగనే కూసుని, మూతి వెట్టి, మూడు గుక్కల్ల తాగాలె. గిట్ల ఏడు రోజులు. పైనకెల్లి పోసుకుంటే ఫాయిదా లేదు. పెదవి తగలాలె."

"ఇందులో పెట్టిన నీళ్లు మా చెంబులో పోసి ఇస్తే?" అని అడిగాను.

"నై" అంది. తర్వాత వేలు చూపించి మరీ చెప్పింది. "బూడిద వెట్టి తోమొద్దు. అంగార్ దగ్గరికి అస్సలే తీస్కపోవద్దు. లోపల అల్లా కలాం, అల్లా మాట ఉంది."

నా చేతిలో పెట్టాక కూడా కాసేపు వదల్లేదు. "ఏడు రోజులే బేటీ" అంది. ఇంత పాత వస్తువు కదా, ప్రేమ ఉంటుందిలే అనుకున్నాను.

దారంతా అత్తకు ఎలా చెప్పాలా అని నాలో నేనే గొణుక్కుంటూ వచ్చాను. ఎంత గొణుక్కున్నా నోరు తెరవగానే తప్పే దొర్లింది.

"అత్తా, బడీపాషా ఇచ్చింది. హౌల్ కటోరా అట."

"హౌలా?" అని లేచింది. "నేను హౌలదాన్నా? కొడుకు జాడ లేక నేను గోసపడుతుంటె, హౌలదని గిన్నె పంపిందా పాషా?"

మా పట్నంలో హౌలా అంటే తలతిక్క మనిషి. హౌల్ అంటే గుండెదడ. రెంటికీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా. ఆ దీర్ఘం మా ఇంట్లో పెద్ద లొల్లి పెట్టింది.

"హౌలా గాదత్తా, హౌల్!"

"నువ్వే హౌలదానివి! నెత్తిల గుజ్జు లేదు నీకు. తురకోళ్ల గిన్నెకు నేను మూతి వెట్టాల్నా?"

"మూతి వెడితేనే తగ్గుతదట. తాగుతవో సస్తవో నీ ఇష్టం!"

అత్తతో ఆ మాట అన్నాను. నోరు జారిందని నాకే తెలిసి, కటోరా అక్కడే పీట మీద పెట్టి, మిగిలిన ఇళ్ల పాలెత్తుకుని బయటపడ్డాను. నిప్పు దగ్గరికి తీసుకుపోవద్దన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. అబద్ధమెందుకు, ఆమె దాన్ని వేలితో ముట్టుకుంటుందని కూడా నేననుకోలేదు.

తిరిగొచ్చేసరికి అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. చేతిలో పట్టుకారు. నిప్పుల మధ్య కటోరా.

నేను కేక పెట్టాను. అప్పటికే కలాయి కరిగి చుక్కలు చుక్కలుగా అడుగుకు జారింది. రాగి నల్లగా మారింది. చెక్కిన గాడుల్లోకి మసి దిగింది. అత్త నా కేకకు బెదిరి, ఏమీ అర్థం కాక నా మొహంలోకి చూసింది.

"ఎందుకు మొత్తుకుంటవ్? మూతి వెట్టి తాగాల్నంటివి గద. ఇంట్లకు తెచ్చుకునేదానికి అగ్గి సూపియ్యకుంట ఎట్ల తెచ్చుకుంటం?"

అప్పుడు అర్థమైంది నాకు. పరాయి గిన్నెను ఆమె ఏనాడూ నిప్పుల్లో పెట్టలేదు. సత్తు గిలాసకు అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ యోగం పట్టలేదు. లోపలికి తెచ్చుకునేదాన్నే కాలుస్తుంది. ఆమె తాగడానికి ఒప్పుకుంది. అంత పట్టింపు మనిషీ ఒప్పుకున్నాక, నువ్వు చేసింది తప్పు అని ఏ నోటితో చెప్పను? మింగేశాను.

మర్నాడు తెల్లవారుతూనే వాకిట్లో కూర్చుని ఆమె కటోరాను మూతి దగ్గరకు తెచ్చుకుంది. పెదవులు ఎలా పెట్టాలో తెలియలేదు. అంచును పళ్లతో కొరికినట్టు పట్టుకుంది. సగం నీళ్లు గడ్డం మీదుగా కారాయి. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నాలుగో రోజుకు సాఫీగా తాగింది. ఆ మధ్యాహ్నం కొట్టంలో గడ్డి మీదే ఒరిగి నిద్రపోయింది. ఏడో రోజు రెండు గుక్కలు తాగి కటోరా నా ముందుకు జరిపింది.

"కడమది నువ్వు తాగు. పోయింది నీ మొగడే గద" అంది.

తాగాను. కాస్త బూడిద వాసన వేసింది. అన్ని నెలల్లో మొదటిసారి నా గుండె సంగతి ఒకరు అడిగినట్టు అనిపించింది.

దడ తగ్గింది. అది కటోరా మహిమో, ఏడు పొద్దులు ఒకచోట కుదురుగా కూర్చున్నందుకో నేను చెప్పలేను. తగ్గిన దడ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కటోరా తిరిగి ఎలా ఇవ్వాలి? వీధి మలుపులో తోలుతిత్తి పెట్టుకుని కలాయి పోసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. గుడ్డ విప్పి లోపలి రాత చూడగానే ఆయన చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, కటోరాను కళ్లకు అద్దుకున్నాడు.

"తౌబా. గిసొంటిదానికి అంగార్ సూపెట్టింది ఎవలమ్మా? నేనైతే దీన్ని భట్టీల వెట్టను."

"దొరికింది భాయ్, నాకేం తెలుసు" అని అబద్ధమాడి వచ్చేశాను.

తర్వాత పది రోజులు దాన్ని ఖాళీ పాలకుండ అడుగున దాచుకుని వీధి వీధీ తిరిగాను. బడీపాషా ఎదురొచ్చి "కటోరా?" అంటే, "ఇంకా తాగుతోంది పాషా" అనేదాన్ని. రోజురోజుకీ ఆమె ముందుగానే దర్వాజా దగ్గరికి వచ్చి నిలబడేది. ఎప్పుడూ తఖ్తు బల్ల మీద నిదానంగా కూర్చుని కనిపించే మనిషి కూర్చోవడం మానేసింది. నా దొంగతనం నన్ను తినేస్తుంటే ఆమె మొహం నేను సరిగ్గా చూడలేదు.

ఆ పది రోజుల్లోనే నా భర్త ఉత్తరం వచ్చింది. పక్కింటి పెద్దమనిషి మా వాకిట్లో నిలబడి గట్టిగా చదివాడు. బతికి ఉన్నాడు. జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నాడట. చివర్లో రాశాడు: "ఇక్కడ మనిషికొక ఎనామెల్ మగ్గు ఇచ్చారు. అందరం మూతి పెట్టే తాగుతాం. ఒకరి మగ్గు ఒకరు తాగుతాం. అమ్మకు చెప్పొద్దు." అత్త పక్కనే ఉందని చూసుకోకుండా ఆయన అదీ చదివేశాడు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను గూడ తాగిన తియ్యి" అంది. ఆ పెద్దమనిషికి అర్థం కాలేదు.

ఆ సంతోషంలో నాకు ధైర్యం వచ్చింది. మర్నాడే బడీపాషా ముందు గుడ్డ విప్పాను.

ఆమె కటోరాను రెండు చేతుల్లోకి తీసుకుంది. వేలితో లోపల రుద్దింది, వేలికి మసి అంటింది. "అంగార్ మే డాలే?" అని అడిగింది. నిప్పుల్లో వేశారా అని. నాకు వచ్చిన ఉర్దూ పాలు కొలిచే ఉర్దూ. అత్త మనసులో ఉన్నది అందులో ఎలా చెప్పాలి? "అచ్ఛే కే వాస్తే పాషా, అచ్ఛే కే వాస్తే" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాను, మంచికోసమే అని. ఆమె కటోరాను గుడ్డలో చుట్టుకుంది. లోపలికి వెళ్లిపోయింది. తెల్లారి పోతే పనిమనిషి దర్వాజా కాస్త తీసి, రేపటినుంచి పాలు వద్దని చెప్పి మూసేసింది.

"పాషా ఇంటి పాలెందుకు మిగులుతున్నయ్?" అని అత్త అడిగింది. ఇక దాచలేక అంతా చెప్పాను.

"అగ్గి తప్పెట్ల జేస్తది?" అంది. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. కాసేపు కూర్చుంది. లేచింది. గుమ్మం దాకా పోయి వచ్చింది. "నేనే పోయి చెప్త" అని చెప్పులు తొడుక్కుంది, విప్పింది, మళ్లీ తొడుక్కుంది. పుట్టి బుద్ధెరిగి తురకల ఇంటి గడప తొక్కని మనిషి, వీధి చివరదాకా పోయి తిరిగొచ్చింది. రెండోనాటికి మళ్లీ పాలు పొంగిపోయాయి. మూడోనాటికి నా చెయ్యి తీసి రొమ్ము మీద పెట్టుకుంది. కొడుకు ఉత్తరం దేవుడి గూట్లో ఉంది, అయినా రోకలి పోటు మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఏ కటోరా తేవాలి? నాకు పిచ్చెక్కినట్టయింది.

నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం పరదా కట్టిన రిక్షా ఒకటి మా గల్లీలోకి వచ్చి మా గుమ్మం ముందే ఆగింది. బురఖాలో బడీపాషా దిగింది. చంకలో ఆకుపచ్చ మూట. గడప బయటే నిలబడి, ముసుగు పైకెత్తి, మూట విప్పి, కటోరాను అత్తకు చూపించింది.

"ఇది ఎందుకు కాల్చినవో నీ నోటితోని వినాల్నని వచ్చిన" అంది.

అత్త తడబడలేదు. తిరుగుతున్న మనిషి నిలబడింది.

"నీ ఇంటి గిన్నెను నా ఇంట్లకు తెచ్చుకోవాల్నంటే అగ్గి సూపియ్యాలె గద. ఈ పొల్లను తెచ్చుకున్ననాడు గూడ అగ్గి సుట్టు తిప్పే ఇంట్లకు తీసుకున్నం. మాకు గంతే తెలుసు. మీ దాంట్ల తప్పని నాకు తెల్వదు."

బడీపాషా నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"తాగినవా మరి?"

"ఏడు పొద్దులు. మూతి వెట్టే తాగిన."

బడీపాషా కటోరాను గుండెకు ఆనించుకుంది. ఎండకు ఆమె మొహం ఎర్రగా కందిపోయింది. తర్వాత మెల్లగా చెప్పింది. "నా కొడుకు బొంబాయికెల్లి ఖత్ రాసి ఏడు నెలలైంది. దీంట్ల రోజు పొద్దుగాల నేనే తాగుతుంటి. ఈ పొల్ల ఏడిస్తే, నా హౌల్ పక్కకు వెట్టి నీకిచ్చిన. కాల్చినవని తెల్వంగనే నా కొడుకునే నిప్పుల్ల వేసినట్టయింది."

ఏడు రోజులే బేటీ అని చెయ్యి వదలకుండా ఎందుకు నిలబడిందో అప్పుడు తెలిసింది. నా అబద్ధాలతో ఇంకో పది రోజులు ఆమె మందు ఆమెకు లేకుండా చేశానని కూడా తెలిసింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను.

అత్త వెనక్కి తిరిగి లోపలికి పోయింది. ఎండన పడి వచ్చిన మనిషికి నీళ్లివ్వాలి. గుమ్మం బయట గూట్లో సత్తు గిలాస ఉంది, బడీపాషా భుజానికి ఆనేంత దగ్గర్లో. నా చూపు దాని మీదే ఉంది. నేను తీసి దాచేస్తే? దాస్తే ఇంకా తెలిసిపోతుంది. అత్త బయటికొచ్చి ఆ గిలాస అందుకుంటే ఇక ఈ ఇంట్లో నేనుండలేననిపించింది. అంతలో లోపల కుండలో చెంబు మునిగిన చప్పుడయింది.

అత్త కంచు చెంబుతో వచ్చింది. నా భర్తకు కూడా ఇవ్వని చెంబు. రెండు చేతులతో ఇచ్చింది.

బడీపాషా చెంబును చూసింది, నన్ను చూసింది. మా పట్టింపు ఆమెకు తెలుసు. తల వెనక్కి వంచి, చెంబును ఎత్తి, మాలాగే ధారగా పోసుకోబోయింది. ధార ముక్కు మీద పడింది, గడ్డం మీద పడింది, మెడ మీదుగా కారి బట్టలు తడిశాయి. పొలమారి దగ్గొచ్చింది.

"అయ్యో అక్కా, గట్ల గాదు" అంది అత్త. "కూసో. మూతి వెట్టి తాగు."

బడీపాషా మా గడప మీద కూర్చుంది. బిస్మిల్లా అంది. చెంబు అంచుకు పెదవి ఆనించి మూడు గుక్కలు తాగి, చెంబును గడప మీద పెట్టింది. లేచి కటోరాను మళ్లీ గుడ్డలో చుట్టుకుంది.

"నల్లగైపాయె గద" అంది అత్త.

"కానియ్యి. నా కండ్లకు అక్షరాలు ఇప్పుడే మంచిగ అవుపడుతున్నయ్" అని రిక్షా ఎక్కింది.

ఆమె కొడుకు ఉత్తరం వానలు వెళ్లాక గానీ రాలేదు. అప్పటిదాకా నేను పాలు తీసుకుపోయేసరికి ఆమె రోజూ ఆ నల్ల కటోరాతోనే కూర్చుని ఉండేది. నా భర్త లడాయి ముగిశాక మగ్గుతో సహా తిరిగొచ్చాడు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ మధ్యాహ్నం రిక్షా మలుపు తిరిగింది. గడప మీద చెంబు. అందులో ఇంకా కాసిని నీళ్లున్నాయి. పొయ్యిలో నిప్పులూ ఉన్నాయి. అత్త చెంబు చేతిలోకి తీసుకుంది. పొయ్యి వైపు చూసింది.  ఒకప్పుడు నా గిలాసను ఏం చేసిందో నాకు గుర్తుంది.

అత్త తల వెనక్కి వంచింది. చెంబును జానెడు ఎత్తున పట్టుకుని, ఆ మిగిలిన నీళ్లను ధారగా, ఒక్క చుక్క కింద పడకుండా గొంతులో పోసుకుంది. తర్వాత చెంబును కుండ పక్కన దాని చోట్లోనే బోర్లించింది.

"ఏం సూస్తున్నవ్?" అంది. "పొద్దుగాల పాషా ఇంటికి పాలు పొయ్యాలె, యాదుంచుకో."